మంచం 22 యూరోలే, మరి నిద్ర?

పోయిన నెల ఈ పేజీలో బ్యాగు తగిలించుకుని యూరప్ తిరగడం గురించి రెండు ముక్కలు రాశానో లేదో, వచ్చిన ఉత్తరాలన్నీ హాస్టళ్ళ మీదే, అంటే తిరిగేవాళ్ళకి మంచం లెక్కన రాత్రికి అద్దెకిచ్చే చోట్లు. వీసా గురించి ఒకళ్ళు అడిగితే పడుకునే చోటు గురించి పదిమంది అడిగారు. అడగాల్సిందే లెండి, డబ్బులు తెలీకుండా కరిగిపోయేది అక్కడే. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేశా.

కేపీహెచ్‌బీ నుంచి ఒక తమ్ముడు: అక్కా, నాకు 27. ఆఫీసులో రెండు నెలలు సెలవు దొరికింది, లిస్బన్‌లో దిగి బస్సుల్లో రైళ్ళల్లో బుడాపెస్ట్ దాకా పోదామని ప్లాన్. రాత్రికి 25 యూరోలు దాటొద్దనుకున్నా. యాప్ తెరిస్తే ప్రతి ఊళ్ళో బోలెడు హాస్టళ్ళు, అన్నిటికీ 8.5, 9 అని రేటింగులే. 9 పైన ఉన్నది ఏదైనా కళ్ళు మూసుకుని బుక్ చేసెయ్ అంటాడు మా ఫ్రెండ్. అంతేనా? అన్నీ ఇప్పుడే బుక్ చేసెయ్యాలా?

జవాబు: కళ్ళు మూసుకుని బుక్ చేస్తే అక్కడికెళ్ళాక రాత్రంతా కళ్ళు తెరుచుకుని కూర్చోవాలి తమ్ముడూ, నా అనుభవం అదే. నా మొదటి ట్రిప్పులో, అప్పటికి నాకు 38, ఒక బీచ్ ఊళ్ళో 9.3 చూసి మురిసిపోయి మూడు రాత్రులకి డబ్బులు కట్టేశా. వెళ్ళి చూస్తే మా రూముకి సరిగ్గా కింద బారు. మన గల్లీలో బారాత్ వచ్చి ఇంటి ముందే ఆగిపోతే ఎట్లుంటది, డీజే బండి కదలకుండా, అట్లా రాత్రి మూడింటి దాకా, మంచం ఇనప పైపు పట్టుకుంటే చేతికి దడదడ తెలుస్తోంది. పొద్దున్నే కోపంగా రివ్యూలు మళ్ళీ తీసి చదివితే ఎవరూ అబద్ధం చెప్పలేదు, అందరూ 'ఇక్కడ మూడు రోజులు నిద్రే పోలేదు, సూపర్' అనే రాశారు. నేను 'సూపర్' వరకే చదివా.

కాబట్టి మొత్తం మార్కు చూసి ఆగిపోకు, దాన్ని విప్పి చూడు. హాస్టల్‌వరల్డ్ అనే బుకింగ్ యాప్‌లో అయితే సెక్యూరిటీకి, లొకేషన్‌కి, స్టాఫ్‌కి, అట్మాస్ఫియర్‌కి, శుభ్రతకి విడివిడిగా మార్కులుంటాయి. శుభ్రత 8 దగ్గర ఉండి అట్మాస్ఫియర్ 9.7 ఉందంటే అది పార్టీ హాస్టల్ అని నేను లెక్కేసుకుంటా, చాలాసార్లు తప్పలేదు. నీకు పార్టీ కావాలంటే అదే బుక్ చేస్కో, అందులో తప్పేం లేదు, కాకపోతే మర్నాడు పొద్దున్న ఆరింటి బస్సు మాత్రం పెట్టుకోకు. పబ్ క్రాల్, హ్యాపీ అవర్, రూఫ్‌టాప్ బార్ అనే మాటలు వివరాల్లో మొదటి రెండు లైన్లలోనే కనిపిస్తే ఇక రివ్యూ కూడా అక్కర్లేదు.

రివ్యూల్లో నేను చదివేది 6లు, 7లు ఇచ్చినవాళ్ళవి, అదీ గత రెండు మూడు నెలల్లో రాసినవి మాత్రమే. పదికి పది ఇచ్చినోళ్ళు ప్రేమలో పడి ఉంటారు, రెండు ఇచ్చినోళ్ళకి రీఫండ్ గొడవ ఉంటది. ఈ మధ్యవాళ్ళే అసలు సంగతి చెప్తారు: పద్నాలుగు మందికి రెండే బాత్రూములు, షవర్ బటన్ నొక్కితే పది సెకన్లు వచ్చి ఆగిపోద్ది, మంచం దగ్గర ప్లగ్ లేదు, మూడో అంతస్తు లిఫ్ట్ లేదు, ఇట్లా. ఒకే కంప్లయింట్ ముగ్గురి నోట వచ్చిందంటే నమ్మెయ్. ఇంకోటి, 'మంచానికి డబ్బులు కట్టకుండా, బదులుగా ఇక్కడ పనిచేస్తూ ఉండేవాళ్ళే కామన్ రూం నిండా ఉన్నారు' అని ఎవరైనా రాస్తే జాగ్రత్త, అక్కడ నెలలకి నెలలు ఉండిపోయినవాళ్ళ గుంపు ఒకటి తయారై ఉంటది, రెండ్రోజులు ఉండి వెళ్ళిపోయే నీతో ఎవరూ మాట్లాడరు.

ఇక డబ్బు. 25 దాటొద్దు అన్నావు, బాగుంది, కానీ యాప్‌లో కనిపించే రేటు సగం కథే. రెండు హాస్టళ్ళున్నాయనుకో, ఒకటి ఊరి బయట 22, ఇంకోటి స్టేషన్ నుంచి నడిచే దూరంలో 29. 22ది తీసుకుంటావు సహజంగా. రోజూ రానూపోనూ మెట్రోకి ఐదారు, టవల్‌కి రెండు మూడు, లాకర్‌కి తాళం నీ దగ్గర లేకపోతే అదొక ఐదు, రాత్రి పదకొండు దాటితే బస్సు లేక క్యాబ్, అప్పుడెంతయ్యింది? శంషాబాద్‌లో రూం తీసుకుని రోజూ చార్మినార్ చూడ్డానికి వచ్చినట్టు ఉంటది. దాని మీద సిటీ ట్యాక్స్ అని ఒకటుంటది, చాలా ఊళ్ళల్లో అది రేటులో కలిపి చూపించరు, కౌంటర్ దగ్గర అడుగుతారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 12.5 శాతం, బెర్లిన్‌లో 2025 నుంచి 7.5 శాతం. అందుకే కాగితం మీద రాత్రికి మొత్తం ఎంతవుతుందో కూడి అప్పుడు పోల్చు.

పైగా ఆ 25ని ప్రతి ఊరికీ ఒకేలా పట్టుకుని కూర్చోకు. బుడాపెస్ట్, క్రాకోవ్, సోఫియా లాంటి తూర్పు వైపు ఊళ్ళల్లో అందులో మిగులుతుంది, ఎండాకాలం శనివారం రాత్రి పారిస్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో, జ్యూరిక్‌లో ఆ డబ్బుకి మర్యాదైన మంచం దొరకడం కష్టం. ఖరీదైన ఊళ్ళకి సోమవారం నుంచి గురువారం లోపు వెళ్ళి, శుక్ర శనివారాలు చవక ఊళ్ళో పడేలా పెట్టుకో, రేట్లలో తేడా నీకే తెలుస్తది. సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా మ్యూనిక్ వైపు చూడకు, అక్టోబర్‌ఫెస్ట్ రోజులు, ఖైరతాబాద్ గణేశుడి నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద పార్కింగ్ వెతుక్కున్నట్టే.

చవక విమానం ఎక్కే ముందు ఎయిర్‌పోర్ట్ పేరు రెండుసార్లు చదువు. పారిస్ బోవే అంటే పారిస్ నుంచి దాదాపు 80 కిలోమీటర్లు, ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ అయితే ఊరికి దాదాపు 120. హైదరాబాద్ అని టికెట్ కొంటే కాజీపేట దగ్గర్లో దించేసినట్టు. అక్కడ్నించి బస్సు పట్టుకుని హాస్టల్ చేరేసరికి అర్ధరాత్రి, రిసెప్షన్ పదింటికే మూసేసి ఉంటే ఏం చేస్తావు? చిన్న హాస్టళ్ళల్లో 24 గంటల రిసెప్షన్ ఉండదు, బుక్ చేసే ముందు ఆ ఒక్క లైన్ చూస్కో, లేకపోతే లేటవుతుందని ముందే మెసేజ్ పెట్టు, డోర్ కోడ్ పంపిస్తారు.

ముందే అన్నీ బుక్ చెయ్యాలా అంటే, వీసా కోసం ఎట్లాగూ రాత్రుల లెక్క మొత్తం చూపించాలి, కాబట్టి ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నవి నిజంగా బుక్ చెయ్, ఏజెంట్ దగ్గర డమ్మీ కాగితాలు మాత్రం వద్దు, వీసా చేతికొచ్చే దాకా ఆ బుకింగుల్ని క్యాన్సిల్ చెయ్యకు. వచ్చాక నీ ఇష్టం, నేనైతే కొత్త ఊళ్ళో మొదటి రెండు రాత్రులే ఉంచుకుని, నచ్చితే అక్కడే పొడిగించేదాన్ని. పోర్చుగల్ నుంచి హంగరీ దాకా మధ్యలో షెంజెన్ (ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల గుంపు) దాటి పోకపోతే ఒకే వీసా, 180 రోజుల్లో 90 రోజులకి మించి ఉండకూడదని రూలు, నీ రెండు నెలలు అందులో హాయిగా ఇముడుతాయి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. అన్నట్టు, రైలు పాస్ తీసుకుంటే మనకి ఇంటర్‌రైల్ ఇవ్వరు, అది అక్కడ ఉండేవాళ్ళకి, మనది యూరైల్. అందులో యూత్ రేటు 27 ఏళ్ళ దాకా, పుట్టినరోజు ఎప్పుడో చూస్కో!

మలక్‌పేట నుంచి ఒక అమ్మ: మేడం గారూ, మా అమ్మాయికి 24. జర్మనీలో చదువు అయిపోవచ్చింది. నెల రోజులు ఒక్కతే ఇటలీ, ఆస్ట్రియా, చెక్ తిరిగొస్తానంటోంది, హాస్టళ్ళల్లో ఉంటదట. మాకు హాస్టల్ అంటే దిల్‌సుఖ్‌నగర్ హాస్టలే తెలుసు, వార్డెన్ ఉంటది, తొమ్మిదికి గేటేస్తారు. అక్కడ మగపిల్లలు కూడా ఒకే రూములో పడుకుంటారట కదా? నాకు నిద్ర పట్టట్లేదు.

జవాబు: అక్కా, ఉన్నమాట చెప్తా, పడుకుంటారు. మిక్స్‌డ్ డార్మ్ అంటారు, రూములో ఆరో ఎనిమిదో మంచాలు, ఎవరు ముందు బుక్ చేస్తే వాళ్ళకి. కానీ దాదాపు ప్రతి పెద్ద ఊళ్ళో ఆడవాళ్ళకే విడిగా రూములుంటాయి, ఫీమేల్ డార్మ్ అని, రెండు మూడు యూరోలు ఎక్కువ, ఒక్కోచోట అదీ ఉండదు. అమ్మాయిని అది ఎంచుకోమనండి, వినకపోతే కనీసం మొదటి వారం అని బేరమాడండి. వార్డెన్ ఉండదు, గేటుకి టైము ఉండదు, దాని బదులు బయట తలుపుకి, లిఫ్టుకి, రూముకి కీ కార్డు ఉంటది, కార్డు లేకపోతే లోపలికి రాలేరు. అట్లా ఉన్నదే చూస్కోమనండి. మంచానికి కర్టెన్ ఉందా, లాకర్ రూములోనే ఉందా, అందులో బ్యాగు మొత్తం పడుతుందా, ఫొటోల్లో తెలిసిపోద్ది. కొన్నిచోట్ల లాకర్ అంటే పోస్టు డబ్బా అంత ఉంటది, పర్సు తప్ప పట్టదు.

నేను వియన్నాలో ఆరు మంచాల ఆడవాళ్ళ రూములో ఉన్నప్పుడు నా కింద మంచం మీద అరవై దాటిన ఒకావిడ. రోజూ రాత్రి తలకి గుడ్డ కట్టుకుని, చిన్న టార్చి నోట్లో పెట్టుకుని మ్యాపు మీద పెన్సిల్‌తో గీతలు గీస్తుండేది, మర్నాడు ఎటు నడవాలో. నేను ఆలస్యంగా వస్తే, ఎక్కడికెళ్ళావు, తిన్నావా అని చేతి సైగలతోనే అడిగేది. వార్డెన్ కంటే గట్టి మనిషి.

చేరే టైము వెలుతురు ఉన్నప్పుడు ఉండేలా చూస్కోమనండి, అది నేనిప్పటికీ పాటిస్తా. హాస్టల్ పేరు, అడ్రసు, మళ్ళీ బయల్దేరే రోజు మీకు వాట్సాప్‌లో పెట్టమనండి. ఎమర్జెన్సీకి మన దగ్గరలాగే అక్కడా 112, యూరోపియన్ యూనియన్ దేశాలన్నిట్లో అదే నంబర్. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ గడువు ఉన్నంతవరకు ఆ మూడు దేశాలకీ వేరే వీసా అక్కర్లేదు, కార్డు, పాస్‌పోర్టు రెండూ దగ్గరుంటే చాలు. మీకు ఒక్క రిక్వెస్ట్: ఎండాకాలంలో మనకంటే వాళ్ళు మూడున్నర గంటలు వెనక, మీరు పొద్దున్న ఆరింటికి కాఫీ తాగుతూ ఫోన్ చేస్తే అక్కడ రాత్రి రెండున్నర, రూములో ఉన్న ఎనిమిది మందీ లేస్తారు. మా అమ్మ చేసింది అట్లనే!

నిజాంపేట నుంచి: నేను పక్కా వెజ్. హాస్టల్‌లో వండుకోవచ్చా? పచ్చళ్ళు, నెయ్యి, చిన్న కుక్కర్ పట్టుకెళ్దామనుకుంటున్నా.

జవాబు: నెయ్యి వద్దు. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి పాల వస్తువులు, మాంసం వస్తువులు పట్టుకెళ్ళకూడదు, దొరికితే తీసి పారేస్తారు, అమ్మ కాచిన నెయ్యి చెత్తబుట్టలో పడితే చూడలేం. పాలకోవా కూడా అంతే. పచ్చి కరివేపాకు రెబ్బలూ వద్దు. కందిపొడి, నువ్వులపొడి, కారప్పొడి హాయిగా వెళ్తాయి, పచ్చడి నూనె కారకుండా గట్టిగా ప్యాక్ చేసి చెకిన్ బ్యాగులో పెట్టు, చేతి బ్యాగులో పెడితే ద్రవాలు 100 ఎమ్మెల్ దాటొద్దనే రూలు అడ్డొస్తది. కుక్కర్ కూడా ఇంట్లోనే వదిలెయ్, రూముల్లో కరెంటు కుక్కర్లు పెట్టనివ్వరు, వంటింట్లో గిన్నెలు ఎట్లాగూ ఉంటాయి.

వంటిల్లు ఉందో లేదో మాత్రం బుక్ చేసే ముందే చూడాలి. కింద కేఫ్ నడుపుకునే పెద్ద హాస్టళ్ళు చాలావాటికి వంటిల్లు ఉండదు, ఉన్నా మైక్రోవేవ్ ఒకటి పెట్టి కిచెన్ అని రాస్తారు. ఫొటోలో పొయ్యి కనిపించాలి. లోపలికెళ్ళాక ఫ్రీ ఫుడ్ అని రాసున్న అర వెతుకు, ముందు ఖాళీ చేసినవాళ్ళు వదిలేసిన ఉప్పు, నూనె, సగం బియ్యం ప్యాకెట్టు, పాస్తా ఉంటాయి, అవి ఎవరైనా వాడుకోవచ్చు. నీ సామాను మీద పేరు, వెళ్ళిపోయే తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టు, లేకపోతే అది కూడా ఫ్రీ అయిపోద్ది.

పోపు గురించి నా కథ విను. క్రాకోవ్‌లో పప్పు ఉడికింది కదా అని సంబరంగా నూనె కాగబెట్టి ఆవాలు, ఎండుమిర్చి వేశా. ఆవాలు చిటపటమన్నాయి, మిర్చి కొంచెం నల్లబడింది, అంతే, ఒక పక్క దగ్గులు, ఇంకో పక్క పైన ఫైర్ అలారం. మూడంతస్తుల జనం టవళ్ళతో, చెప్పుల్లేకుండా రోడ్డు మీదికొచ్చారు. నేను చేతిలో గరిటెతో. తప్పంతా నాదే, ఎగ్జాస్ట్ వెయ్యలేదు. ఆ పప్పు చివరికి పదకొండు మంది తిన్నారు, కానీ పోపు మాత్రం మంట తగ్గించి, మిర్చి చివర్న వెయ్. ఇంకోటి, జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, పెద్ద స్టేషన్లలో ఒకటో రెండో తెరిచుంటాయి, శనివారం సాయంత్రమే సరుకులు తెచ్చి పెట్టుకో.

తార్నాక నుంచి: హాస్టళ్ళల్లో నల్లులుంటాయని భయం. ఎలా కనిపెట్టాలి?

జవాబు: ఖరీదైన హోటళ్ళల్లో కూడా ఉంటాయి, 2023లో పారిస్‌లో ఎంత గోల అయ్యిందో పేపర్లో చూసే ఉంటారు. రూములోకి వెళ్ళగానే బ్యాగు మంచం మీద పడెయ్యకండి, బాత్రూములో గచ్చు మీద పెట్టి, ఫోన్ టార్చి వేసి పరుపు మూల దుప్పటి ఎత్తండి. పరుపు కుట్టు ఉంటుంది కదా, ఆ కుట్టు వెంట పెన్ను మొనతో చుక్కలు పెట్టినట్టు నల్లటి మచ్చలు, పల్చటి పొట్టులాంటివి కనిపిస్తే అదే. చెక్క మంచమైతే పలకల సందులు, తలవైపు గోడ పగులు కూడా చూడండి. ఇనప మంచం ఉన్న రూము నాకు కొంచెం ధైర్యం. కనిపిస్తే ఫొటో తీసి వెంటనే కిందికెళ్ళి వేరే రూము అడగండి, పక్క మంచం కాదు. కుట్టాక తెలిస్తే, వరసగా మూడు నాలుగు దద్దుర్లు ఉంటాయి, బట్టలన్నీ 60 డిగ్రీల వేడిలో ఉతికి డ్రయ్యర్‌లో వెయ్యాలి. చాలా హాస్టళ్ళు మీ సొంత స్లీపింగ్ బ్యాగు వాడొద్దంటాయి, ఈ నల్లుల భయంతోనే, అనవసరంగా మొయ్యకండి.

అల్వాల్ నుంచి ఒక రిటైర్డ్ టీచర్ గారు: నాకు 61, మా ఆవిడకి 57. మమ్మల్ని హాస్టళ్ళల్లో రానిస్తారా?

జవాబు: సార్, ఈ హాస్టల్ అనేదాన్ని పుట్టించిందే మీలాంటి బడిపంతులు. రిచర్డ్ షిర్మన్ అని జర్మనీ ఆయన, 1909 ఆగస్టులో పిల్లల్ని నడిపించుకుంటూ తిప్పుతుంటే పెద్ద వాన, ఒక ఊరి బళ్ళో గడ్డి పరిచి పడుకోబెట్టాడు. సెలవుల్లో బళ్ళన్నీ ఖాళీయే కదా, పిల్లలకి ఇట్లా పడుకునే చోటు ఊరూరా ఉంటే బాగుండు అని ఆ రాత్రే అనిపించిందట. 1912లో ఆల్టెనా కోటలో మొదటిది పెట్టాడు, ఆ కోటలో హాస్టల్ ఇప్పటికీ ఉంది. దాన్నుంచి పెరిగిందే హాస్టలింగ్ ఇంటర్నేషనల్, మన యూత్ హాస్టల్స్ అసోసియేషన్ కూడా అందులోదే, మెంబర్‌షిప్ కార్డు ఇక్కడే చేయించుకుని వెళ్ళండి. ఈ హాస్టళ్ళల్లో మామూలుగా పెద్దవాళ్ళకి ఇబ్బంది లేదు, స్కూలు పిల్లల గుంపులు వస్తాయి, గోల ఉంటది, మీకు అలవాటే. ప్రైవేటు హాస్టళ్ళు కొన్ని 18 నుంచి 35, 40 అని వయసు గీత పెడతాయి, హౌస్ రూల్స్‌లో రాసుంటది, చూసి బుక్ చెయ్యండి. మీ ఇద్దరికీ డార్మ్‌లో రెండు మంచాల కంటే ప్రైవేట్ రూము ఒక్కోసారి పది యూరోలే ఎక్కువ పడుతుంది, అది తీసుకోండి. డార్మే అయితే కింది మంచాలు కావాలని ముందే రాయండి, రాత్రి రెండుసార్లు లేచే వయసులో ఆ నిచ్చెన మంచిది కాదు.

ఈసీఐఎల్ నుంచి: తాళం, ప్లగ్ ఏవి కొనాలి?

జవాబు: నంబర్ల తాళం, మరీ లావు కొంకీ ఉన్నది వద్దు, లాకర్ రంధ్రంలో దూరదు, సూట్‌కేసు తాళం మరీ సన్నం. మన ఫోన్ ఛార్జర్ల రెండు గుండ్రటి పిన్నులు చాలా దేశాల్లో నేరుగా పడతాయి, ఇంగ్లండ్, ఐర్లండ్ లాంటి చోట్లకి వెళ్తేనే అడాప్టర్.

పేరు వద్దన్న ఒక పాఠకుడు, బోరబండ: నాకు గురక. మా ఇంట్లోనే ఎవరూ నా రూములో పడుకోరు. డార్మ్‌లో ఉండొచ్చా?

జవాబు: ఉండొచ్చు, డార్మ్‌లో ప్రతి రాత్రీ ఒకళ్ళు గురక పెడతారు, ఆ రాత్రి అది మీరు. పన్నెండు మంచాల రూము కంటే నాలుగు మంచాలదైతే తిట్టుకునేవాళ్ళు తక్కువ. ఇయర్‌ప్లగ్స్ కోఠీలోనే డబ్బా కొనుక్కెళ్ళండి, పడుకునే ముందు పక్క మంచాలవాళ్ళకి నవ్వుతూ తలా ఒక జత ఇచ్చెయ్యండి.